కంటితో చూసినవాడు

(1946 వేసవి, నడికుడి. సింగపూర్‌లో జపాన్‌వాళ్ళకు పట్టుబడిన ఇద్దరు సిపాయిల్లో ఏసయ్య ఒక్కడే తిరిగివచ్చాడు. రెండోవాడు ఖాదర్ వలి. అతని తల్లి ఖాతూన్ బీ ఇంటి వసారాలో ఆమె, ఏసయ్య కూర్చున్నారు.)

“జ్వరమని జాబులో రాశావు. ఇప్పుడేమో తుపాకీ అంటన్నావు. ఏది నిజం ఏసయ్యా?”

“తుపాకీయే పిన్నమ్మా.”

“నువ్వు చూశావా? కంటితో చూసినోడు చెప్తేనే ఖాజీ ఒప్పుకుంటాడు. అప్పుడే కోడలు కరీమున్నీసా మొగుడు పోయినదానిగా ఇద్దత్ కూర్చునేది. నాలుగు నెలల పది రోజులు. ఆ తరవాత దానికో దారి చూడాల. ఇరవై ఏళ్ళది, ఎన్నాళ్ళని...”

“చూశా.”

“జపానోడేనా కాల్చింది?”

“కాదు. రష్యావోడు.”

“రష్యావోడు మీ పక్కోడేగా!”

“మా పక్కోడే. మమ్మల్ని విడిపించనే వచ్చాడు. మంచూరియాలో బొగ్గు తవ్వుతున్నాం. జపాను కాపలావోడు రోజూ చెప్పేవోడు, మా తాత రష్యావోళ్ళని తరిమాడు, ఒళ్ళు పెద్దదే గాని ఉత్త పిరికోళ్ళని. తీరా వాళ్ళొస్తన్నారనంగానే ఏడ్చాడు. రాక్షసులు, బతికుండగా తోలు ఒలుస్తారని. కోట్లు కూడా పారేసి ఉరికారు.”

“వాళ్ళ గోల నాకెందుకు? నా కొడుకు సంగతి చెప్పు.”

“వాన. చలికి వాడు ఆ కోటొకటి తొడిగాడు.”

“జపానోడనుకున్నారా? ఆ నల్ల మొహాన్నా?”

“బొగ్గు మసిలో అందరిదీ ఒకటే మొహం. అయినా కోటు చూసి కాల్చలా. చేతులెత్తమన్నారు. వాడు వంగాడు.”

“వంగటమేంది?”

“కాపలావోడు కనపడితే నడుందాకా వంగాల. మర్యాద. రష్యావోళ్ళకేమో వంగిన జపానోడంటే హడలు. పొట్టకింద బాంబు పెట్టుకుని వంగుతాడంట. కాల్చినోడు తరవాత మాకు రొట్టె ఇచ్చాడు.”

“నా కొడుకు అల్లాకి తప్ప వంగేవోడు కాదే.”

“మొదట్లో వంగలా. చానా తిన్నాడు దెబ్బలు. తరవాత తరవాత కేక వినపడితే చాలు, వంగేవోడు.”

“కేకా?”

“వంగమని. వాళ్ళ భాషలో.”

“ఆ రోజూ కేకేశారా?”

“ఆఁ.”

“జపానోళ్ళంతా ఉరికారంటివి.”

“ఎండ ఎక్కుతోంది పిన్నమ్మా. ఖాజీ దగ్గరకి...”

“ఏసయ్యా. ఎవరు అరిచింది?”

“కొత్తగా వచ్చినోళ్ళు, వంగకపోతే వీళ్ళు కూడా కొడతారేమోనని... నేనే పిన్నమ్మా.”