ఎదిరిమాట చెప్పిన కెంచమ్మ

బొమ్మన్న కూతురు కెంచమ్మ ఉండె గదా, ఆయమ్మకు ఆ నోరు వాళ్ల నాయన నుంచి వచ్చిందంట. బొమ్మన్న మన కురబోళ్ల కులకట్టలో, అదే రచ్చబండ పంచాయితీలో, మాటమనిషి. కట్టలో తగువొస్తే ఎవరి మాట వాళ్లు చెప్పుకునేది లేదు, తెలుసు గదా మీకు? తెలీదా? ఏం పిల్లోళ్లు మీరు! సరే, వినండి. తగువు పడినోళ్లకు చెరొగ మాటమనిషి ఉంటాడు. ఆయప్ప లేచినాడంటే ముందు తన పక్షం మాట చెప్పకూడదు. ఎదురుగా కూచున్నోని దగ్గరికి పోయి, వాని బాధ వానికే చెప్పల్ల. నీకు ఇట్ల జరిగింది, నీ కడుపు ఇందుకు మండింది, అని చెప్పల్ల. వాడు తలూపి, ఔ, అదే నా మాట, అనల్ల. అనకపోతే మళ్లా మొదటి నుంచి చెప్పల్ల. పొద్దుగూకే లోపల వాని నోట్లో 'ఔ' రాకపోతే కట్ట లేచిపోతాది, మన మాట మన కడుపులోనే ఉండిపోతాది. దాన్నే ఎదిరిమాట అంటారు. ఎవరు పెట్టినారో ఎందుకు పెట్టినారో నాకు తెలీదు, నేను పుట్టకముందే పెట్టినారు. బొమ్మన్నకు గొంతులో ఏందో జబ్బొచ్చి మాట పడిపోయినాక ఒగ తగువులో కెంచమ్మ లేచి నిలబడిందంట. ఆడపిల్ల కట్టెక్కేదేంది అని ముసలోళ్లు గొణిగినారు. ఆయమ్మ నాలుగు మాటలు చెప్పిందో లేదో, ఎదురుగా ఉన్నోడు కండ్లు తుడుచుకోని, ఔ తల్లీ అదే, అనేసినాడు. ఇంగ ఎవరు గొణుగుతారు?

అయితే ఆయమ్మ మనసు కట్ట మింద లేదు, అబద్ధం ఎందుకు చెప్పేది. ఆయమ్మ చిన్నప్పుడు అమ్మతో కంబళ్లమ్మేకి తాలూకా సంతకు పోతాండె గదా, సంత పక్కనే కోర్టు. కంబళ్లు అమ్మ నెత్తిన పెట్టేసి పోయి ఆ కిటికీ పట్టుకోని నిలబడేదంట. లోపల నల్లకోట్లేసుకున్నోళ్లు లేచేది, కూచునేది, చెయ్యి ఇట్ల తిప్పేది. ఒగ మాట అర్థమయ్యేది కాదు, అయినా కదిలేది కాదు. అమ్మ వచ్చి వీపు మింద ఒగటిచ్చి లాక్కోని పోవల్ల. ఇంటికొచ్చి నల్ల కంబళి భుజాన వేసుకోని మేకపిల్లలకు వాదన చెప్పేదంట! నవ్వండి నవ్వండి, నేనూ నవ్వినా ఆ పొద్దు. అట్లాంటి ఆశ అది. ఏమైందంటే, తాలూకాలో పంతులు వకీలని ఒగాయన ఉండె, ఏదో పనిమింద మన ఊరికొచ్చి కట్టలో ఈయమ్మ మాట విన్యాడు. ఏమ్మా, నువ్వు లా చదువు, నా దగ్గర జూనియర్‌గా చేరు, అన్యాడు. ఆయన ఏదో మాటవరసకు అనిండొచ్చు. ఈయమ్మకు అది చాలు. బి.ఏ. ఎట్లా అయిపోయిండె, అనంతపురం పోయి మూడేండ్లు చదివి, నల్లకోటుతో బస్సు దిగింది. ఎండాకాలం, మధ్యాన్నం, మొగోళ్లు చొక్కా విప్పుకోని కూచునే ఎండ, ఆయమ్మ కోటు విప్పలేదంట ఊరంతా దాటి ఇంటికి పోయిందాకా.

పంతులు దగ్గర చేరినాక మొదటి కేసు మన కేసే పడింది. మన జీవాలు వంకలో నీళ్లకు పోయే బాట ఉండాది గదా, దానికి అడ్డంగా ఓబిరెడ్డి ముళ్లకంచె వేసినాడు. ఆయప్ప చీనీకాయల తోట పెట్టిండె అక్కడ. గొర్లు కొండ సుట్టూ తిరిగి నీళ్లకు పోవల్సొచ్చె, గొర్రెపిల్లలు దోవలోనే పడిపోతాండె. మందలోళ్లకు పెద్ద మాళప్ప తాత, ఆయన పేరుతో మేమంతా కేసేసినాం, కేసు తేలేదాకా కంచె తీయించండి సామీ అని. పంతులుకు ఆ పొద్దు ఇంగో కోర్టులో పనిబడి, నువ్వే నిలబడు కెంచమ్మా, ఇదేం పెద్ద పని కాదు, అని చెప్పి పోయినాడంట. మేము ఇరవై మంది బస్సెక్కి పోయినాము. నేనూ పోతి. మన పిల్ల, మన మాట, ఇంగ గెలిచినట్టే అనుకుంటిమి.

ఆయమ్మ లేచింది. లేచి ఏం చేసిందంటారు? జడ్జి పక్క చూడలేదు. నేరుగా పోయి ఓబిరెడ్డి ముందర నిలబడింది! అలవాటు గదప్పా. పుట్టినప్పటి నుంచి ఉన్న అలవాటు కోటేసుకుంటే పోతాదా? రెడ్డీ, అనింది, నువ్వు ఆ చెట్లు నాటినాక బోరు ఎండిపోయింది. నువ్వూ నీ పెండ్లామూ మూడేండ్లు బిందెలతో నీళ్లు మోసినారు, మోసి మోసి ఆయమ్మకు నడుము పోయింది. కాపుకొచ్చే ఏడు మా జీవాలు దూరి బెరడు గీరేసినాయి, నూటిరవై చెట్లు నిలబడినట్లే ఎండిపోయినాయి. నువ్వు చెట్టు చెట్టు దగ్గరికీ పోయి చెయ్యి పెట్టి చూసినావు. కంచె మా మింద కోపంతో కాదు, మిగిలిన చెట్ల మింద ఆశతో వేసినావు, అనింది. ఓబిరెడ్డి, అంత మనిషి, మీసాలు తడిసిపోయేటట్ల ఏడ్చి, ఔ తల్లీ, అదే, అదే నా మాట, అన్యాడు. కెంచమ్మ మొగం ఎట్ల వెలిగిపోయిందో! ఇంగ మన మాట చెప్పేకి ఇట్ల తిరిగింది చూడు, ఎదిరి వకీలు లేచి నిలబడినాడు. సార్, నేను చెప్పాల్సిందంతా ఆమే చెప్పేసింది, నాకింగ పనిలేదు, అన్యాడు. నవ్వినారు అందరూ. సార్, మా మాట ఇంగా చెప్పలేదు సార్, అని ఈయమ్మ అంటానే ఉంది. జడ్జి అర్జీ కొట్టేసి ఇంగో కేసు పిలిచినాడు. కంచె యాడిది ఆడనే ఉండె. మాళప్ప తాత బస్సులో ఒగటే మాటన్యాడు. ఎదిరిమాట బాగా చెప్తివమ్మా, మన మాట ఎప్పుడు చెప్తావా అని చూస్తాంటి, అన్యాడు. ఆయమ్మ ఊరొచ్చేదాకా తల ఎత్తలేదు.

పంతులు తిట్టలేదంట, అదే ఇంగా బాధ. కెంచమ్మా, కోర్టులో నోటికి ఒగటే పక్క ఉంటాది, అన్యాడు. ఎదురోని మాట చెప్పేకి ఎదురోని వకీలు ఉన్యాడు. నీ పక్షమోడు నిన్ను నమ్మి పంపినాడు. ఆ అలవాటు వదిలేస్తావా, రా. వదల్లేవా, ఊర్లోనే ఉండు, అదీ మంచి పనే. సోమవారానికి చెప్పు, అన్యాడు. ఆ నాలుగు దినాలూ ఆయమ్మ సరిగ్గా కూడు తినలేదు. మధ్యలో ఓబిరెడ్డి ఇంటికే వచ్చినాడు చూడు! గడప దగ్గర నిలబడి, అమ్మా, నా వకీలు మొగోడు, పెద్దోడు, వానికి నా చెట్లు ఎన్నో కూడా తెలీదు, ఇంగమీదట నా కేసు నువ్వే పట్టుకో, అన్యాడు. మా మింద మా పిల్లనే పెట్టుకుందామని! ఈయమ్మకు నవ్వాల్నో ఏడవాల్నో తెలీలేదంట. రెడ్డీ, నేను మాళప్ప తాత మనిషిని, పో, అనింది. ఆయప్ప పోతా పోతా, అయినా నా బాధ తెలిసినదానివి నువ్వొగదానివే, అనేసి పోయినాడు.

ఆదివారం నాడు నాయన దగ్గర కూచునింది. నాయనా, కట్టలో 'ఔ' అని వింటే కడుపు నిండిపోతాది, కోర్టు కిటికీ తలుచుకుంటే కడుపు ఖాళీ అయిపోతాది, నేనేం చేసేది, అనిందంట. బొమ్మన్నకు గొంతు లేదు గదా, గాలి మాదిరి వచ్చేది మాట. పోవల్లని ఉండాది నీకు, నా మొగం చూసేదెందుకు, అన్యాడు. నువ్వు పోమంటే పోతా, అనింది. నేను పోమన్నందుకు పోతే రేపు నన్ను తిట్టుకుంటావు, పోవల్లని పో, అన్యాడు. మరుసటి పొద్దు నల్లకోటు వేసుకోని మొదటి బస్సుకు పోయింది.

పై కోర్టులో అప్పీలు వేసినారు. ఈసారి కెంచమ్మ జడ్జినే చూసింది. మన తాతల బాట, మన జీవాలు, పడిపోయిన గొర్రెపిల్లలు, అంతా చెప్పింది. ఓబిరెడ్డి చెట్లను గురించి ఒగ మాటంటే ఒగ మాట లేదు. గెలిచినాం! కంచె పీకించినారు, మన గొర్లు పరిగెత్తుకుంటా పోయి వంకలో మూతులు పెట్టినాయి. కోర్టులో ఓడినోడు అక్కడే ఏడుస్తాడు, గెలిచినోడు ఇంటికొచ్చి ఏడుస్తాడు అంటారు గదా. ఆ పొద్దు కోర్టు వరండాలో ఓబిరెడ్డి ఆయమ్మను ఆపినాడు. ఆ పొద్దు నా చెట్లను గురించి అంత చెప్తివి, ఈ పొద్దు ఒగ మాటన్నా రాకపాయనే తల్లీ నీ నోట, అన్యాడు. కోపం లేదంట ఆయప్ప గొంతులో. ఆయమ్మ ఫైలు ఎదకు పట్టుకోని నిలబడిపోయింది.

ఇంగ ఆయమ్మకు తిరుగులేదు. పెద్ద వకీలమ్మ అయ్యె, ఆయమ్మ లేచిందంటే ఎదుటోళ్లు కాయితాలు సర్దుకుంటారంట. పది పన్నెండేండ్లు గడిచినాక మన కట్టలో అన్నదమ్ముల తగువొచ్చె. కెంచమ్మను పిలుద్దామనిరి. సంబరంగా వచ్చింది, కోటు కారులో విడిచి, చీర కొంగు దోపుకోని కట్టెక్కింది. అన్న పక్షం మాటమనిషి కాబట్టి తమ్మునికి ఎదిరిమాట చెప్పింది. ఎంత బాగా చెప్పిందో! వాడు తల అడ్డంగా ఊపినాడు. మళ్లా చెప్పింది. కాదు. మూడోసారి, నాలుగోసారి. పొద్దు కొండ మిందికి దిగె. అప్పుడు వాడు చేతులు జోడించి, అక్కా, తప్పనుకోవద్దు, నువ్వు చెప్పేదంతా నా మాట మాదిరే ఉండాది గానీ నా మాట కాదు, అన్యాడు. కట్ట లేచిపోయింది. అందరూ పోయినా ఆయమ్మ ఆ బండ మిందే కూచోనుండె. చేతిలో చెయ్యి పెట్టుకోని, ఆకలైన బిడ్డ మాదిరి.

మొన్న ఒగసారి తాలూకాకు పోయినప్పుడు ఆయమ్మ ఆఫీసుకు పోతి. కాఫీ తెప్పించి ఇచ్చింది, మంచి మనిషి. వకీలు చదువు మంచిదా, కట్టలోనే ఉండింటే మంచిదా అని మీరు అడుగుతారు గదా, నేనూ అదే అడుగుదామని పోయినా. మన గొర్లనడిగితే మంచిదే అంటాయి, నీళ్లు తాగుతాండాయి గాబట్టి. ఓబిరెడ్డినడిగితే ఇంగోటి అంటాడు. అందుకే ఆయమ్మనే అడిగితి. కెంచమ్మా, నువ్వు వకీలైంది సరైన పనేనా, అంటి. ఆయమ్మ కండ్లద్దాలు తీసి నన్ను చూసి, అవ్వా, నువ్వు ఎవరి తరపున అడుగుతాండావు, అనింది. ఎదురోని బాధ అడక్కుండానే చెప్పిన నోరు ఇప్పుడు తరపు అడిగిందని ఆయమ్మకే తెలిసిందేమో, కండ్లు నిండిపాయ. మిగిలిన కాఫీ తాగి లేచొస్తి.