పిడికెడు బియ్యం, రెండు పేర్లు

దీనమ్మని ఒకావిడ ఉండేదంట, ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయాక మూడో కానుపుకి ఆడపిల్ల నిలిచింది. నిలిచిందా, ఇంక పేరు దగ్గర పడ్డది తగువు. వాళ్లత్త అక్కమ్మ పాత దేవతల్నే కొలుస్తది, చర్చికి రాదు. ఆవిడేమో నేను పోలేరమ్మకి మొక్కితే నిలిచిందే పిల్ల అని, పురిటి మంచం మీదే చెవిలో పోలమ్మా, పోలమ్మా, పోలమ్మా అని మూడుసార్లు పిలిచేసింది. ఆదివారం చర్చిలో అయ్యగారు పిల్లని రెండు చేతుల్తో పైకెత్తి ప్రార్థన చేసి కెజియా అన్నాడు. ఇంకేముంది, ఇంట్లో పోలి, చర్చిలో కెజియా. మన పేటలో అట్టాంటోళ్లు ఎంతమంది లేరు, నవ్వబాకే సుశీలా, నీకు మాత్రం ఒక్క పేరేనా.

పిల్లకి ఏడేళ్లొచ్చినయ్యి. ఆదివారం చూడాలి దాన్ని, ముసుగేసుకుని కూచుని బైబిల్లో కంఠత వాక్యం తడుముకోకుండా చెప్పుద్ది. ఇంటికొచ్చిందా, పక్కింటోళ్ల గుమ్మడి పిందెలు తెంపుద్ది, కోళ్లని తరుముద్ది. ఏందే ఇది అని దీనమ్మ అడిగితే, అది పోలి చేసిందమ్మా, కెజియా కాదు అనేదంట. మొదట్లో దీనమ్మా నవ్వింది. ఏమైందంటే, ఒక ఆదివారం అయ్యగారు చెప్పాడు, పైన పరలోకం పుస్తకంలో మన పేర్లు రాసుంటయ్యి, పేరు లేనోళ్లకి లోపలికి దారి లేదు అని. దీనమ్మకి దిగులు పట్టుకుంది. ఏ పేరు రాసుంటారబ్బా? ఏడేళ్లనించీ పొద్దునా సాయంత్రం కెజియాని కాపాడు ప్రభువా అనే గదా నేనడిగింది, కెజియా మంచిదేనాయె. చెడ్డది పోలి. ఇన్నాళ్లూ జబ్బు లేని పిల్లకి మందు పోశానా అనుకుంది. పోనీ పోలిని కాపాడు అందామా అంటే, పోలేరమ్మ పేరు ప్రభువు చెవిలో ఎట్టా వేసేది? ఇద్దర్ని పోగొట్టుకున్న తల్లి అనుకో, ఈ ఒక్కదాన్నీ పైన గుమ్మం దగ్గర ఆపేస్తారేమోనని ఆవిడకి అన్నం దిగలా. పోయి అయ్యగారినడిగింది. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, ఉపవాసముండి చెప్తానమ్మా అన్నాడు.

అప్పుడు దీనమ్మ ఏం చేసిందంటే, ఇయ్యాల్టినించి ఈ ఇంట్లో పోలి అన్న మాట ఇనపడగూడదు అన్నదంట. అత్త ఊరుకుంటదా? నేను పెట్టిన పేరు పలకనియ్యని ఇంటి కూడు నాకొద్దు, ఈ ఇంటి గింజ ముట్టుకుంటే ఒట్టు అని పంచలో మంచమేసుకుని పడుకుంది. ఒకరోజు తినలా, రెండోరోజు తినలా. దీనమ్మ కంచం పట్టుకుపోతే మొహం తిప్పుకుంది. ఇటు పిల్లని కెజియా అని పిలిస్తేనేమో, కెజియా చర్చిలో ఉందమ్మా, ఆదివారం రా అనుద్ది.

మూడోరోజు దీనమ్మ చేలోనించి వచ్చి కుండ చూసింది. మన ఆడోళ్లు ఎసట్లో పోసేముందు పిడికెడు బియ్యం దేవుడికని పక్కన కుండలో వేసి, ఆదివారం చర్చికి పట్టుకుపోతారు గదా, ఆ కుండ. ఖాళీగా ఉంది. పంచలోకి చూస్తే మూడు రాళ్ల పొయ్యి మీద అత్త గంజి కాచుకుంటా ఉంది, పిల్ల పుల్లలు ఎగదోస్తా ఉంది. దీనమ్మ చింతబరిక తీసుకుంది. ఎవరు తీశారే దేవుడి బియ్యం అని అరిచింది. నాయనమ్మ మన ఇంటి బియ్యం తిననన్నది గదమ్మా, ఇయ్యి మన ఇంటియ్యి కాదుగా, దేవుడియ్యి అంది పిల్ల. అవును, నేను ఒట్టు తప్పలా అన్నది అత్త, గంజి ఊదుకుంటా. దీనమ్మకి బరిక చేతిలోనే ఉండిపోయింది. దేవుడి బియ్యం దొంగిలించింది పోలి. ఆకలిగా ఉన్న ముసలిదానికి పెట్టింది కెజియా. ఎవర్ని కొడితే ఎవరికి తగులుద్దో ఆ తల్లికి తెలీలా. బరిక ఎత్తుద్ది, దించుద్ది, మళ్లీ ఎత్తుద్ది. చివరికి పిల్లనే అడిగింది, నిజం చెప్పవే, తీసింది పోలీనా, కెజియానా? రోజూ ఠక్కున చెప్పే పిల్ల ఆరోజు చెప్పలేకపోయింది. అటు నాయనమ్మని చూసింది, ఇటు అమ్మని చూసింది. తెలీటం లేదమ్మా, నేనే తీశా, అంది.

దీనమ్మ బరిక పొయ్యిలో పెట్టి, పిల్లని దగ్గరికి లాక్కుని ఏడ్చిందంట. సాయంత్రం ప్రార్థనలో, ప్రభువా, తీసిందీ ఇదే, పెట్టిందీ ఇదే, ఇది నా పిల్ల, ఏ పేరు రాసుకుంటావో రాసుకో, గుమ్మం దగ్గర మాత్రం ఆపబాకు అన్నది. పంచలోనించి అత్త ఆమేన్ అన్నదో, దగ్గిందో, అది మాత్రం ఎవరికీ తెలీదు.

మరి ఆ ఆదివారం దేవుడికేం పట్టుకుపోయిందని అడగబోతన్నావు గదా. అత్త తినని మూడు రోజుల కూటి బియ్యం ఇంట్లో మిగిలినయ్యి, అయ్యే పట్టుకుపోయింది. అయ్యగారింకా ఉపవాసంలోనే ఉన్నాడంట.