వసూళ్ల విభాగపు కుర్చీ మేడమ్ గారికి

1988 జూన్ 13వ తేదీన దివ్యాంగుల పింఛను కార్యాలయంలో, వసూళ్ల విభాగపు గుమాస్తాగా ప్రవేశించిన ఒక యువతి మొదటి రోజే తమ కుర్చీని పోగొట్టుకున్నారు. విచారణకు వచ్చినవారు ఆ కాలంలో కిటికీ బయట చంకకర్రల మీద నిలబడే సమాధానాలు చెప్పేవారు. ఆమె తమ కుర్చీని మోసుకెళ్లి వరుసలో ముందున్న వృద్ధునికి వేశారు. "మరి నువ్వెక్కడ కూర్చుంటావమ్మా?" అని పెద్ద గుమాస్తా గారు కసురుకుంటే, "ఆయన లేచాక కూర్చుంటానండి" అన్నారు. సాయంత్రం దాకా ఎవరో ఒకరు అందులో కూర్చుంటూనే ఉన్నారు. నాటి నుండి ఆమె మనందరికీ కుర్చీ మేడమ్ గారు.

అర్హతకు మించి చెల్లించిన పింఛనును తిరిగి రాబట్టడం మన విభాగపు కర్తవ్యం. ఏం ఉద్యోగమని పక్కింటివారు అడిగితే నసిగేవాళ్లమే మనమంతా. తనిఖీ అధికారిణిగా, అనంతరం విభాగాధిపతిగా పదోన్నతులు పొందిన మేడమ్ గారు మాత్రం ఎన్నడూ నసగలేదు. ఎదుటి మనిషి చెప్పేది పూర్తయ్యే వరకు ఫైలు తెరవకపోవడం వారి నియమం. అలాగని మెతక మనిషి కారు. చనిపోయిన తండ్రి పేర పింఛను తీసుకుంటున్న ఒక పెద్దమనిషి వారి ఎదుట నీళ్లు నమలడం మనమంతా చూశాం. "ఇంట్లోనూ అంతేనండీ, నేను చెప్పేదంతా వినేదాకా అమ్మ తిట్టదు. విన్నాకే తిడుతుంది" అని వారి కుమార్తె వాపోతుంటారు.

పింఛనుదారుల ఆదాయ వివరాలను కంప్యూటరు తొలిసారి సరిచూసిన సంవత్సరంలో, రెండు కాళ్లూ చచ్చుబడిన ఒక మెకానిక్ గారి పేర దుస్తుల కర్మాగారం చెల్లిస్తూ వచ్చిన సొమ్ము బయటపడింది. పింఛను రద్దు చేసి, ఇచ్చినదంతా ఒకేసారి వసూలు చేసి, మోసం కేసు పెట్టాలని పైనుండి ప్రతిపాదన వచ్చింది. ఆ పింఛనే లేకపోతే దంపతులిద్దరూ అద్దె ఇల్లు ఖాళీ చేయవలసినదే. విచారణ రోజున మెకానిక్ గారు తల వంచుకుని కూర్చుంటే, భార్య అందుకున్నారు.

"పనా? ఈయనా? ఈయనవల్ల ఏమవుతుందండీ! మంచినీళ్లు కూడా నేనే అందించాలి. ఎందుకూ పనికిరాని మనిషండీ."

ఆమె చెప్పినది భర్తను కాపాడుకోవడానికే. కాని ఆయన ముఖం కందగడ్డైంది.

"ఎందుకు పనికిరాను? ఆ ఫ్యాక్టరీలో ఆగిపోయిన కుట్టుమిషన్లన్నీ ఎవరు బాగుచేస్తున్నారే? నేను కాదూ?"

భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. మేడమ్ గారు అప్పుడు ఫైలు తెరిచారు.

"ఈ మాట రాసుకోనా అండీ?"

"రాసుకోండి. నా పనే అది. పని చేస్తున్నానని తెలిస్తే కాళ్లు బాగయ్యాయంటారని చెప్పలేదు."

పరిమితికి లోబడి సంపాదించుకునే హక్కు ఆయనకు ఉన్నదనీ, దాటినంత మేరకే వాయిదాలలో వసూలు చేయాలనీ, పింఛను కొనసాగాలనీ మేడమ్ గారు నిర్ణయం రాశారు. పై అధికారి గారు మండిపడ్డారు. "దాచడం తప్పేనండి, ఆ తప్పుకు తగినంతే తీసుకుందాం. సంపాదించడం తప్పని మాత్రం నాతో రాయించకండి" అని నిలబడ్డారు మేడమ్ గారు. బదిలీ చేస్తామన్నా మెట్టు దిగలేదు. చివరకు పై అధికారి గారి సంతకం పడింది. తరువాత మన నోటీసు మొదటి వాక్యాన్ని కూడా వారు మార్పించారు: "మీరు పని చేస్తున్నట్లయితే సంతోషం, ఆదాయమెంతో తెలియజేయగలరు." అటువంటి వాక్యంతో మొదలయ్యే వసూళ్ల నోటీసు మన విభాగానిదని చెప్పుకోవడం మనకెంతో గర్వకారణం.

గత వారం వార్షిక ఆదాయ ప్రకటన ఇవ్వడానికి ఆ దంపతులు వచ్చారు. మనవాళ్లు అడగకముందే ఆ ఇల్లాలు హాలంతా మారుమోగేలా చెప్పారు: "మా ఆయన పని చేస్తారండీ! పోయినేటి కంటే ఈ ఏడు ఎక్కువే వచ్చింది, రాసుకోండి!"

"మెల్లగా చెప్పవే," అన్నారు మెకానిక్ గారు, నవ్వు ఆపుకోలేక.

మేడమ్ గారు కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకోవడం మనం చూసింది ఆ రోజే.

ఈ నెలాఖరున విశ్రాంత జీవితంలోకి అడుగిడుతున్న మేడమ్ గారు భర్త గారితో, కుమార్తె కుటుంబంతో చక్కని ఆరోగ్యంతో వర్ధిల్లుదురు గాక. లెక్కకు మించిన ఆయుష్షు వారికి లభించుగాక. అదనంగా అందిన ఆ ఏళ్లను తిరిగి వసూలు చేసే విభాగమంటూ ఎక్కడా లేకుండుగాక.