మొక్క కేంద్రానిది, కొట్టు రాష్ట్రానిది, వీధి మనది

పంతొమ్మిది వందల ఎనభై ఏడు, సెప్టెంబరు పద్నాలుగున, నదిమీది పొగమంచు ఇంకా వీడని ఒక సోమవారం ఉదయాన, వర్వారా చెర్నెంకాఫ్ గారు మన ఆల్డర్ ఫెర్రీ పురపాలక కార్యాలయంలో గుమాస్తాగా ప్రవేశించారు. కుక్కల లైసెన్సులతో మొదలైన వారి సేవ, గృహనిర్మాణ అనుమతుల మీదుగా సాగి, క్రమేణా లైసెన్సుల విభాగపు ప్రధానాధికారి పదవి దాకా చేరింది.

ఆ తొలి సంవత్సరాల్లో, అక్టోబరు మాసంలో కిటికీ తెరిస్తే, కొండలమీది దొంగతోటల వాసన పండిన ఆపిల్ పళ్ళ పరిమళంతో కలిసి, సగం మరచిన కలలా మా బల్లలమీదికి దిగివచ్చేది. అందరికీ తెలిసిన ఆ సంగతిని ఎవరూ పైకి అనేవారు కారు.

రెండువేల పద్దెనిమిదిలో దేశమంతటా గంజాయి చట్టబద్ధమైంది. ఒకప్పుడు ఆ తోటల కారణంగానే జైలుకు వెళ్ళివచ్చిన డెస్మండ్ ఫార్ గారు, సాగు మానేసి, ఊళ్ళో గంజాయి దుకాణం పెట్టుకుంటానని మా కార్యాలయానికి వచ్చారు.

"అప్పుడు నన్ను పట్టుకోడానికి ఒక్క పోలీసు సరిపోయాడమ్మా. ఇప్పుడు బతకనివ్వడానికి ముగ్గురు ఒప్పుకోవాలా?" అన్నారాయన.

"మొక్క సంగతి కేంద్రం చూసుకుంటుంది, కొట్టు సంగతి రాష్ట్రం. వీధి మాత్రం మనది. కూర్చోండి, టీ తాగుదాం," అన్నారు వర్వారా గారు.

ఏం అమ్మాలో కేంద్రం నిర్ణయించింది. ఆయన గతాన్ని పరిశీలించిన రాష్ట్రం అభ్యంతరం లేదంది. అయితే ఊరు సరేననకపోతే రాష్ట్రం లైసెన్సు ఇవ్వదు. అప్పుడు ఫార్ గారు తిరిగి కొండెక్కి దొంగసాగు చేసుకోవలసినదే. వర్వారా గారు పనివేళలకూ, పిల్లల ప్రవేశానికీ కట్టుదిట్టమైన షరతులు విధించి, అనుమతించమని సిఫారసు చేశారు.

బహిరంగ విచారణనాడు మొదట లేచినవారు ఆమె తల్లి పోల్యా గారు. మద్యం, పొగాకు ముట్టని దుఖోబోర్ అనే క్రైస్తవశాఖ కుటుంబం వారిది. ఫార్ గారు ఎంచుకున్న గది సరిగ్గా వారి ప్రార్థన మందిరానికి ఎదురుగా ఉంది.

"దేవుడి పాటలు పాడుకుని బయటికొస్తే ఎదురుగా గంజాయి కొట్టా? ఇదేనా మీరు చేసే న్యాయం?" అని ఆవిడ నిలదీశారు.

"పోల్యా గారూ, మీ మూడు నిమిషాలు అయిపోయాయండీ," అన్నారు వర్వారా గారు.

"ఓహో! ఇంట్లో అమ్మని, ఇక్కడ గారునా?"

సభ గొల్లుమంది. వర్వారా గారు నవ్వలేదు. ముఖం మాత్రం ఎర్రబడింది. పురపాలక మండలిలో ఒక్క ఓటు తేడాతో అనుమతి వీగిపోయింది.

ఆ సాయంత్రం వారిద్దరినీ ఇంటివరకు దిగబెట్టడానికి నేనూ వెంట నడిచాను. వంతెన, దీపాలు, నది అన్నీ మంచులో కరిగిపోయి, మేము భూమికి కాస్త పైన నడుస్తున్నట్టుంది. పోల్యా గారు అడిగారు:

"ఏమే, నేను బాగా మాట్లాడానా?"

"చాలా బాగా మాట్లాడావమ్మా," అంటూ వర్వారా గారు తల్లి శాలువా సరిచేశారు. నా ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో ప్రజాస్వామ్యాన్ని అంత దగ్గరగా చూసింది ఆ ఒక్కసారే.

మరునాడే ఆమె ఫార్ గారిని వెంటబెట్టుకుని వీధివీధీ తిరిగారు. చివరకు రైలుపట్టాల అవతల, మూతపడిన టైర్ల షాపు కుదిరింది. రెండో విచారణకు కూడా పోల్యా గారు ముందువరుసలోనే ఉన్నారు.

"మా మందిరం వీధిలో కాదు కదా?"

"కాదండీ."

"నాకిష్టం లేదు. ఆ మాట రాసుకోండి. కానీ ఆ ముసలాయన మళ్ళీ జైలుకి పోవడం అంతకన్నా ఇష్టం లేదు," అని కూర్చున్నారు. అనుమతి లభించింది. ఫార్ గారు సభలోనే టోపీతో ముఖం కప్పుకుని ఏడ్చారు.

వర్వారా గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారని తల్లిగారికి చెప్పడానికి మొన్న మేము వారింటికి వెళ్ళాము. తొంభై దాటిన పోల్యా గారు మాకు బోర్ష్ సూపు వడ్డిస్తూ, గరిటె ఆపి, "ఇంత చిన్నవయసులోనా?" అన్నారు.

ఆ ప్రశ్న అడిగే గొంతు ఆ ఇంట్లో చిరకాలం వినిపించుగాక. వర్వారా గారు సంపూర్ణ ఆరోగ్యంతో, ఏ గడియారానికీ జవాబు చెప్పనక్కరలేని ప్రశాంతమైన ఉదయాలతో, తల్లిగారి వయసును సైతం సునాయాసంగా దాటి వర్ధిల్లుదురుగాక.