ఊదా గీతలు

1957లో శ్రీరామనవమి మరునాడు, ఒంటిమిట్ట స్టేషన్లో మద్రాసు బండి కోసం ఒక అక్క, తమ్ముడు కూర్చున్నారు. గాలికి అక్క తలమీది కొంగు జారింది. ఆమె గుండు చూసి తమ్ముడు లేచి నిలబడ్డాడు.

“అక్కా! తలమీద డాక్టరు గీసిన ఊదా గీతలు యాడికి పోయినాయి?”

“పండగ కదరా. తలకు పోసుకున్నా.”

“ఆ గుర్తుల మీదనే కదా గడ్డలు కరిగేదానికి మిషనుతో కరెంటు పెట్టేది! నాలుగు దినాలు సెలవిచ్చి పంపేటప్పుడు, నీళ్లు తగలనీయొద్దని ఆయప్ప ఎన్నిసార్లు చెప్పినాడు!”

“సిరా మరకలతో రాములోరి ముందర ఎట్ల నిలబడేదిరా?”

“రొమ్ములో గడ్డ తీసేసినా రోగం తలకు పాకింది, రెండు చోట్ల ఉండాది, కోసేదానికి లేదు, కరెంటే దిక్కని చెప్పినాడు కదా. సగంలో ఉండి ఇట్ల చేస్తారా? నీ మరదలే రుద్దిందా?”

“ఆ పిల్లను ఏమీ అనొద్దు. ఆమె గుడికాడ ఉన్నింది. నేనే సీకాయ పెట్టి బరబరా రుద్దుకున్నా. శానాసేపు పట్టింది.”

“నువ్వే రుద్దుకున్నావా?”

“ఊ.”

“ఏ చేత్తో?”

ఆమె జవాబు చెప్పబోయి ఆగిపోయింది. పదిహేను దినాల కింద, కరెంటు మొదలుపెట్టకముందు, చెంబు కూడా పట్టలేక వేలాడిన కుడిచెయ్యిని మెల్లగా ఒళ్లోంచి ఎత్తి చూసుకుంది. గోళ్ల సందుల్లో ఊదారంగు ఇంకా ఉంది.

“ఈ చేత్తోనేరా...”

తమ్ముడు ఆ చెయ్యిని తన చేతుల్లోకి తీసుకున్నాడు.

“మద్రాసు చేరేదాకా ఆ చేతికి నీళ్లు తగలనీయొద్దు అక్కా. డాక్టరు తిడితే ముందు అదే చూపిద్దాం.”