రెండు పేర్లు పట్టే చోటు

కనకాలపేట ఇంటర్నెట్ సెంటర్లో ఒక కంప్యూటరు ముందు రెండు కుర్చీలు. చర్చిలో తెర మీద తెలుగు పాటలు చూపించే ప్రోగ్రామును డేనియల్, రూతు ఏడాదిపాటు కలిసి రాశారు. ఇక దాన్ని అందరూ ఉచితంగా వాడుకునేలా నెట్‌లో పెట్టాలి.

"ఎక్కడ పెడదామంటావ్?" అడిగాడు డేనియల్.

"ఏదో ఒక ఉచిత సైటులో జిప్ ఫైలు పడెయ్. నీ పేరు పెడితే అయిపోద్ది."

"మరి తెర మీద విరిగిపోయే ఒత్తులన్నీ సరిచేసిందెవరంట?"

"ఎవరైతే ఏంటిలే!"

రూతు నవ్వేసింది. వచ్చే వారం ఆమె పెళ్ళిచూపులకి కాకినాడ వాళ్ళు వస్తున్నారు.

"గిట్‌హబ్‌లో పెడదాం," అన్నాడు డేనియల్. "అక్కడ ఏ మార్పు ఎవరు చేశారో పేరుతో సహా కనపడుద్ది."

"బాబోయ్! మనిద్దరి పేర్లూ పక్కపక్కనా? మా నాన్న ఊరుకుంటారా?"

"ఊరుకుంటారో లేదో సాయంత్రం మీ ఇంటికొచ్చి అడుగుతా."

"ఏమని?"

"జిప్ ఫైలుకి నేనొక్కణ్ణి సరిపోతాను. మిగతా దేనికీ ఒక్కణ్ణి సరిపోనని."

రూతు కుర్చీ అతని వైపు తిప్పింది.

"గుళ్ళో అయితే పాస్టరుగారు పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ఇద్దరి పేర్లూ చదివి, అభ్యంతరాలున్నాయా అని అడుగుతారు."

"అక్కడా చదివిస్తా."

రూతు కీబోర్డు తనవైపు లాక్కుని, గిట్‌హబ్ తెరిచి, డేనియల్ పేరు పక్కనే తన పూర్తి పేరు కొట్టింది.

"అయితే ఇది మొదటి ఆదివారం కింద లెక్కేసుకో. అభ్యంతరం ఉన్నోళ్ళని చెప్పుకోమను!"