ప్రమాణం ఎవరు చేయాలి?

అమెరికాలోని సిన్సినాటి నగరంలో, ఒక పేటెంటు వకీలు గదిలో, డబ్బాలకు మూతలు బిగించే తన యంత్రపు నమూనాను బల్ల మీద పెట్టిన ఆమె, దరఖాస్తులో తన పేరు లేకపోవడం అప్పుడే చూసింది.

"మీ ఆయన పేరు వేశానమ్మా. ఆడవాళ్ల పేరుంటే అధికారులు సవాలక్ష ప్రశ్నలేస్తారు."

"వేయనివ్వండి. జవాబులు నా దగ్గరున్నాయి."

"ఒకే ఇల్లు కదా, ఎవరి పేరైతే ఏం?"

"కింద ప్రమాణం చదివారా? 'దీన్ని మొదట కనిపెట్టింది నేనే' అని మా ఆయన ఒట్టేయాలా?"

"అదంతా లాంఛనమమ్మా."

"ఆయన చర్చిలో పెద్ద, లాయరుగారూ. దొంగ ఒట్టు వేయరు. బయట గుర్రబ్బండిలోనే ఉన్నారు, పిలిచి అడగండి."

వకీలు కిటికీలోంచి బండిని చూశాడు. పిలవలేదు. విసుగ్గా కొత్త కాగితం తీశాడు.

"సరే, మీ పేరు చెప్పండి."

"మూడు నెలలుగా వస్తున్నాను. ఇప్పుడా అడగడం?"